పన్నెండు కిలోమీటర్లకు ఎన్ని గంటలు?

మీరు అడగండి: నడక, ప్రయాణం

జర్మనీలోని బ్లాక్ ఫారెస్టుకు వాకింగ్ టూర్ మీద వెళ్తున్న విజయవాడ, గుంటూరు పాఠకుల ఉత్తరాలు ఈ నెల చాలా వచ్చాయి. దాదాపు అందరి కార్యక్రమంలోనూ ఒక రోజు ఫెల్డ్‌బెర్గ్ కొండ చుట్టూ అడవి నడక ఉంది. ఈసారి శీర్షిక మొత్తం ఆ ఒక్క రోజుకే కేటాయించాం.

ఏజెన్సీ కాగితంలో "ఫెల్డ్‌బెర్గ్‌స్టైగ్, 12 కి.మీ., ఈజీ టు మోడరేట్" అని ఉంది. మేమిద్దరం రోజూ పొద్దున్నే ప్రకాశం బ్యారేజి మీద ఆరు కిలోమీటర్లు గంటా పది నిమిషాల్లో నడుస్తాం. ఆ లెక్కన రెండున్నర గంటల్లో అయిపోవాలి కదండీ? మధ్యాహ్నం టిటిసీ సరస్సులో బోటు షికారు పెట్టుకోవచ్చా?
– లబ్బీపేట, విజయవాడ

పెట్టుకోకండి. ఆ రోజుకు ఆ నడక ఒక్కటే చాలు.

బ్యారేజి ఈ చివర నుంచి ఆ చివరికి 1.2 కిలోమీటర్ల పైచిలుకు. ఐదుసార్లు తిరిగితే మీ ఆరు కిలోమీటర్లు పూర్తవుతాయి. అందులో ఎక్కింది లేదు, దిగింది లేదు. ఫెల్డ్‌బెర్గ్ అలా కాదు. ఆల్ప్స్‌ను పక్కన పెడితే జర్మనీలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ అదే, 1,493 మీటర్లు. నడక మొదలయ్యే 'హౌస్ డెర్ నాటూర్' అనే ప్రకృతి సమాచార కేంద్రం దగ్గరే ఎత్తు సుమారు 1,280 మీటర్లు కాబట్టి ఎక్కాల్సింది రెండొందల మీటర్లేగా అనిపిస్తుంది. కానీ ఈ దారి శిఖరం ఎక్కించి వదిలిపెట్టదు. అవతలి వైపు దించి, అడవిలో తిప్పి, 1,109 మీటర్ల దగ్గరున్న ఫెల్డ్‌జీ సరస్సు దాకా తీసుకుపోయి, అక్కణ్ణుంచి మళ్ళీ బయల్దేరిన చోటికి ఎక్కిస్తుంది. మధ్యలో చిన్న చిన్న ఎత్తుపల్లాలు కలుపుకుంటే మొత్తం ఎక్కుడు 450 మీటర్లు, దిగుడు కూడా అంతే అనుకోండి.

జర్మనీలో కొండదారులకు సమయం కట్టే లెక్క ఒకటుంది. చదును మీద గంటకు 4 కిలోమీటర్లు, ఎక్కుడు గంటకు 300 మీటర్లు, దిగుడు గంటకు 500 మీటర్లు. దూరానికి పట్టే సమయం ఒకవైపు, ఎక్కుడు దిగుళ్ళకు పట్టే సమయం ఒకవైపు వేసుకుని, ఏది పెద్దదైతే దానికి రెండోదాంట్లో సగం కలపాలి. మీ దారికి చూద్దాం. 12 కిలోమీటర్లకు 3 గంటలు. 450 మీటర్ల ఎక్కుడుకు గంటన్నర, దిగుడుకు 54 నిమిషాలు, కలిపి 2 గంటల 24 నిమిషాలు; అందులో సగం గంటా 12 నిమిషాలు. మొత్తం 4 గంటల 12 నిమిషాలు. ఇది ఆగకుండా నడిచేవాళ్ళ లెక్క, అదీ కొండ అలవాటున్నవాళ్ళది. వేళ్ళూ రాళ్ళూ ఉన్న దారి మీద చూసి చూసి అడుగేసే కొత్తవాళ్ళు దీనికి నాలుగోవంతు కలుపుకోవాలి. తిండికి ముప్పావు గంట, ఫోటోలకూ ఆయాసానికీ అరగంట వేస్తే ఆరున్నర గంటలు తేలుతుంది. పొద్దున తొమ్మిదిన్నరకు బయల్దేరితే నాలుగింటికి బస్టాపులో ఉంటారు.

బ్లాక్ ఫారెస్టు దారి పలకల మీద దూరం కిలోమీటర్లలోనే రాస్తారు. స్విట్జర్లాండులో మాదిరిగా గంటలు ఉండవు. పలక మీద "3 కి.మీ." అని కనబడగానే మన బుర్ర ముప్పై అయిదు నిమిషాలని తేల్చేస్తుంది. అక్కడే అందరి లెక్కా తప్పుతుంది.

ఒక కట్టుబాటు పెట్టుకోండి. హౌస్ డెర్ నాటూర్ నుంచి జేబుక్ అనే చిన్న శిఖరం మీదుగా పెద్ద శిఖరానికి మూడు కిలోమీటర్లు ఉంటుంది. అది ఎక్కడానికే రెండు గంటలు దాటితే, చుట్టుదారి మానేసి వచ్చిన దారినే తిరిగి రండి. జేబుక్ దగ్గర కేబుల్ కారు నడిచే రోజైతే దిగడానికి అదీ ఉంది. శిఖరం దాటి అవతలి వైపు దిగాక ఈ సౌకర్యం పోతుంది. అప్పుడు అలసినా అలవకపోయినా మిగతా తొమ్మిది కిలోమీటర్లూ నడవాల్సిందే. పైగా ఆఖరి ఎక్కుడు, సరస్సు నుంచి పైకి 170 మీటర్లు, కాళ్ళలో సత్తువ అయిపోయిన వేళకే వస్తుంది.

ఇంకా రెండు నెలలుంది. ఇక్కడ కొండలు లేవు, సాధన ఎలా?
– సత్యనారాయణపురం, విజయవాడ

బెజవాడలో ఉండి కొండలు లేవంటే ఎలాగండీ! కొండపల్లి కోట ఉంది, మంగళగిరి పానకాల స్వామి మెట్లున్నాయి. గుంటూరు వాళ్ళకు కొండవీడు, కోటప్పకొండ ఉన్నాయి. ఎండల్లో మాత్రం తెల్లవారుజామున ఎక్కి ఎండ ముదరకముందే దిగిపోవాలి.

వారం మధ్యలో మీ అపార్ట్‌మెంటు మెట్లు చాలు. అంతస్తు మూడు మీటర్లనుకుంటే కింద నుంచి అయిదో అంతస్తుకు 15 మీటర్లు. 450 మీటర్లంటే ముప్పైసార్లు. మొదటి వారం అయిదుసార్లు, రోజు మార్చి రోజు. వారానికి మూడేసి పెంచుకుంటూ పోతే ఎనిమిదో వారానికి ఇరవై ఆరుకు చేరతారు, అది సరిపోతుంది. చివరి మూడు వారాలు వీపున అయిదు కిలోల సంచి పెట్టుకోండి. రెండు లీటర్ల నీళ్ళ సీసాలు రెండు, ఒక తువ్వాలు వేస్తే దాదాపు ఆ బరువు వస్తుంది.

చాలామంది చేసే పొరపాటు, మెట్లెక్కి లిఫ్టులో దిగడం. ఎక్కేటప్పుడు పనిచేసేది గుండె, ఊపిరితిత్తులు; ఆయాసం వస్తే నిలబడితే తగ్గుతుంది. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువును ఆపాలి. ఆ పని అలవాటు లేని కండరం లోపల సన్నగా దెబ్బతింటుంది. ఆ నొప్పి అప్పుడు తెలియదు. మర్నాడు మొదలై రెండోరోజుకు ముదురుతుంది. టూర్‌లో రెండోరోజు హోటలు మెట్లు కూడా రెయిలింగు పట్టుకుని వెనక్కి తిరిగి దిగేవాళ్ళు వీళ్ళే. నాలుగైదు వారాలు దిగుడు అలవాటు చేస్తే ఇది చాలావరకు రాదు. కాబట్టి మెట్లు నడిచే దిగండి, మెల్లిగా, మోకాలు కొంచెం వంచి.

ఆరేళ్ళ కిందట కేదార్‌నాథ్ కోసం కొన్న ట్రెకింగ్ బూట్లు అటక మీద కొత్తవాటిలాగే ఉన్నాయి. అవే చాలు కదా?
– బ్రాడీపేట, గుంటూరు

పైకి కొత్తగానే ఉంటాయి. లోపలి సంగతి వేరు. ఈ బూట్లలో చాలావాటికి అడుగున ఉండే మెత్తటి పొర పాలీయూరిథేన్. గాలిలోని తేమ ఏళ్ళ తరబడి దాన్ని విరగ్గొడుతూ ఉంటుంది. వాడకుండా మూలన పడేసినవే త్వరగా పోతాయి. మన కోస్తా ఉక్కలో, అటక మీది వేడిలో మరీ త్వరగా. కొండ మీద గంట నడిచేసరికి అడుగుభాగం మొత్తం ఊడి చేతికొస్తుంది.

ఇప్పుడే దించి చూడండి. పక్క నుంచి ఆ పొరను బొటనవేలితో గట్టిగా నొక్కండి. సన్న పగుళ్ళు కనబడినా, గోటితో గీకితే పొడి రాలినా, జిగటగా తగిలినా పారేయండి. ఏమీ లేకపోతే తొడుక్కుని నాలుగుసార్లు మెట్లు దిగి, మళ్ళీ చూడండి.

కొత్తవి కొనాల్సి వస్తే సాయంత్రం పూట, కాళ్ళు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, అక్కడ వేసుకోబోయే మందపాటి సాక్సులతోనే వెళ్ళండి. లేసులు కట్టకుండా పాదం ముందుకు జరిపితే మడమ వెనక ఒక వేలు పట్టాలి. ప్రయాణానికి ముందు కనీసం యాభై కిలోమీటర్లు వాటితో నడవాలి. విమానంలో బూట్లు కాళ్ళకే వేసుకోండి. సూట్‌కేసు రెండు రోజులు ఆలస్యమైనా మిగతావన్నీ అక్కడ కొనుక్కోవచ్చు, అలవాటైన బూట్లు దొరకవు.

దిగేటప్పుడు వేళ్ళు ముందుకు గుద్దుకుని గోళ్ళు నల్లబడటం మామూలు ఫిర్యాదు. గోళ్ళు రెండు రోజుల ముందే గుండ్రంగా కోయకుండా అడ్డంగా, పొట్టిగా కత్తిరించుకోండి. దిగుడు మొదలయ్యే ముందు కూర్చుని లేసు మళ్ళీ కట్టండి: మడమను నేలకు తాటించి పాదాన్ని వెనక్కి జరపండి, పాదం వంగే చోట రెండు లేసులను ఒకటికి రెండుసార్లు మెలిపెట్టి బిగించండి, ఆ మెలిక జారకుండా పట్టుకునే పైకొక్కేలకు తగిలించి ముడివేయండి. ఆ మెలిక వల్ల పాదం ముందుకు జారదు. పాదం మీద ఎక్కడైనా చురుక్కుమంటే "ఇంకో పావుగంట" అనుకోకుండా అప్పుడే ఆగి టేపు వేయాలి. బొబ్బ లేచాక వేసే టేపు పీకేటప్పుడు తోలుతో సహా వస్తుంది.

జీన్స్, కాటన్ టీషర్టు వద్దంటున్నారు. కాటన్ కంటే హాయైన బట్ట ఏముంటుందండీ?
– పటమట, విజయవాడ

మన ఊరి ఎండకు లేదు. నూలు చెమటను పీల్చి తడిగా పట్టుకుంటుంది, ఆ తడి ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. ఇక్కడ మనకు కావలసింది అదే, అక్కడ వద్దన్నదీ అందుకే. కొండల కింద ఉన్న ఫ్రైబుర్గ్ ఊరు 278 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ 24 డిగ్రీలుంటే ఫెల్డ్‌బెర్గ్ మీద 16 ఉండొచ్చు. వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీలు పడిపోతాయి. శిఖరం మీద చెట్లుండవు, గాలి ఆగదు. చెమటకు తడిసిన నూలు చొక్కాతో ఆ గాలిలో పది నిమిషాలు ఫోటోలు దిగితే పళ్ళు టకటకలాడతాయి. తడిసిన జీన్స్ ఆ రోజుకు ఇక ఆరదు.

ఒంటికి తగిలేది పాలిస్టర్ లేదా సన్నటి ఉన్ని. దాని మీద పల్చని ఫ్లీసు. సంచిలో గాలినీ వాననూ ఆపే జాకెట్టు. చుడీదార్ అయినా ఇబ్బందేం లేదు, బట్ట సింథటిక్ అయితే చాలు. చున్నీ మాత్రం సంచిలో పెట్టుకోండి, కొమ్మలకు చిక్కుకుంటుంది. బయల్దేరేటప్పుడు కొంచెం చలేస్తున్నట్టే ఉండాలి. వెచ్చగా ఉందంటే పది నిమిషాల్లో చెమటలు పడతాయని అర్థం. ఎక్కేటప్పుడు తీసేయడం, ఆగిన మరుక్షణం వేసుకోవడం. అందరూ దీన్నే తిరగేసి చేస్తారు.

గొడుగు? అడవిలో గాలి లేనిచోట బాగానే పనికొస్తుంది, నవ్వేవాళ్ళను నవ్వనీయండి. శిఖరం మీద మాత్రం తెరవద్దు.

మేం శాకాహారులం. దారిలో ఏం తినాలి? ఇక్కణ్ణుంచి ఏం పట్టుకెళ్ళొచ్చు?
– అరండల్‌పేట, గుంటూరు

ముందు పట్టుకెళ్ళకూడనివి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేకూడదు. అంటే నెయ్యి, కోవా, పాలకోవా పెట్టెలు, నెయ్యి వేసిన పూతరేకులు అన్నీ ఇంట్లోనే. తాజా మామిడిపళ్ళు, పచ్చి కరివేపాకు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా కుదరదు. పల్లీ చిక్కీ, నువ్వుండలు, కందిపొడి, ఊరగాయ, పులిహోర పులుసు నిక్షేపంగా వెళ్తాయి. ఊరగాయ చెక్-ఇన్ సామానులో, రెండు కవర్ల మధ్య.

కొండ మీద చల్లారిన అన్నం గట్టిపడి గొంతు దిగదు, చెయ్యి కడుక్కోవడానికి చోటుండదు. పొడి, నూనె రాసి చుట్టిన చపాతీలు నయం. మనిషికి మూడు చపాతీలు, రెండు చిక్కీలు, గుప్పెడు ఖర్జూరాలు, లీటరున్నర నీళ్ళు. ఒక్కసారే కడుపునిండా కాకుండా గంటకోసారి కొంచెం తినండి. తిన్నది ఎక్కువైతే తర్వాతి ఎక్కుడు కష్టమవుతుంది.

దారిలో కొండ హోటళ్ళున్నాయి: సాంక్ట్ విల్‌హెల్మర్ హ్యూట్టె, జాస్ట్లర్ హ్యూట్టె, బాల్డెన్‌వేగర్ హ్యూట్టె, సరస్సు దగ్గర రైమార్టిహోఫ్. ఇలాంటి వాటికి వారంలో ఒకటి రెండు రోజులు సెలవుంటుంది. తలుపు మీద 'రూహెటాగ్' అని రాసుంటే ఆ రోజు మూత. ముందురోజే హోటల్లో అడిగి కనుక్కోండి, కొంత నగదు దగ్గర పెట్టుకోండి. కేజె ష్పెట్స్‌లె అనేది చీజు కలిపిన పిండివంటకం. అందులో గుడ్డు ఉంటుంది, కొన్నిచోట్ల పంది మాంసం ముక్కలు చల్లుతారు. "ఓనె ష్పెక్" అంటే ఆ ముక్కలు లేకుండా. కూరగాయల సూప్ అన్నా అడుగున మాంసపు రసం ఉండొచ్చు, అడిగి తాగండి. దారి పక్క తొట్టి మీద 'కైన్ ట్రింక్‌వాసర్' అని ఉంటే ఆ నీళ్ళు తాగడానికి కావు.

దారి తప్పకుండా ఉండాలంటే ఫోన్ మ్యాప్ చాలా? గుర్తులు అర్థమవుతాయా?
– గుణదల, విజయవాడ

అర్థమవుతాయి. 1864లో పుట్టిన ష్వార్జ్‌వాల్డ్ ఫెరైన్ అనే సంఘం ఈ దారులకు గుర్తులు వేసి చూసుకుంటుంది. పసుపు వజ్రాకారం ఊరి చుట్టుపక్కల దారి, నీలం వజ్రాకారం ఊరి నుంచి ఊరికి పోయే దారి. ఎర్ర వజ్రాకారం ఫోర్జ్‌హైమ్ నుంచి బాజెల్ దాకా పోయే వెస్ట్‌వేగ్. దాని వెంట పొరపాటున పడిపోతే 285 కిలోమీటర్లుంది, జాగ్రత్త. ఫెల్డ్‌బెర్గ్‌స్టైగ్‌కు దాని పేరుతోనే విడిగా గుర్తుంది. పది నిమిషాలు నడిచినా గుర్తు కనబడలేదంటే ముందుకు కాదు, ఆఖరుగా చూసిన గుర్తు దగ్గరకు వెనక్కి.

ఫోన్‌లో మ్యాప్ ముందురోజే వైఫై మీద దించుకోండి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా జీపీఎస్ పనిచేస్తుంది, చార్జింగు నిలుస్తుంది. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది కనుక ఫోన్ లోపలి జేబులో ఉంచుకోండి. పవర్‌బ్యాంక్ విమానంలో చేతిసంచిలోనే, చేతికర్రలు చెక్-ఇన్‌లోనే. 1:25,000 కాగితం మ్యాపు ఒకటి కొనుక్కుంటే అందులో నాలుగు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. తడిసినా, చార్జింగు అయిపోయినా దారి చూపిస్తుంది.

ఇంకొకటి. దారికి అడ్డంగా 'హోల్జ్‌ఫెల్లుంగ్, లేబెన్స్‌గెఫార్' అని పట్టీ కట్టి ఉంటే లోపల చెట్లు నరుకుతున్నారు, ప్రాణాపాయం. చప్పుడు వినబడకపోయినా దాటకండి. ఫెల్డ్‌బెర్గ్ 1937 నుంచి రక్షిత ప్రాంతం. దారి దిగి గడ్డిలోకి పోవడం, సరస్సులో ఈతకు దిగడం నిషేధం.

అక్కడి అడవిలో పిడుదులు కుడితే మెదడుకు జ్వరం వస్తుందట, నిజమేనా? పిల్లలు వస్తున్నారు.
– పట్టాభిపురం, గుంటూరు

నిజమే, కానీ భయపడి మానుకోవాల్సినంత కాదు. మన పశువుల మీద కనబడే పిడుదుల్లాంటివే, అక్కడివి నువ్వుగింజంత, పిల్లపిడుదు అయితే గసగసాలంత. చెట్ల మీంచి పడవు. మోకాలెత్తు గడ్డి మీద, పొదల అంచున కాచుకుని ఉండి, మనం రాసుకుంటూ వెళ్తే అంటుకుంటాయి. దారి మధ్యన నడిస్తే చాలావరకు తప్పుతాయి. లేతరంగు ప్యాంటు, సాక్సులోకి దోపుకుని.

వాటితో వచ్చే జబ్బులు రెండు. ఒకటి వైరస్, మెదడుకు వాపు తెస్తుంది. అది కుట్టిన కాసేపటికే ఒంట్లోకి పోవచ్చు, దానికి టీకా ఉంది. మూడు డోసులు నెలల వ్యవధిలో పడతాయి కాబట్టి ఇప్పుడే డాక్టర్ని అడగండి. బ్లాక్ ఫారెస్టు ఉన్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం ఆ జబ్బుకు పేరుపడ్డ ప్రాంతం. రెండోది లైమ్, బాక్టీరియా వల్ల వస్తుంది. పిడుదు చాలా గంటలు పట్టుకుని ఉంటేనే సాధారణంగా అంటుతుంది. అందుకే సాయంత్రం స్నానాల గదిలో వెతకడం ఆ రోజు నడకలో భాగమే. మోకాలి వెనక, చంకలు, గజ్జలు, బొడ్డు, పిల్లలకైతే చెవుల వెనక, జుట్టు మొదళ్ళలో.

కనబడితే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి, తల దగ్గర పట్టుకోండి. ఉబ్బిన పొట్ట దగ్గర పట్టుకోవద్దు. నొక్కితే అందులోదంతా లోపలికి పోతుంది. మెలితిప్పకుండా, గుంజకుండా, నెమ్మదిగా నిటారుగా లాగండి. కొన్ని క్షణాలకు పట్టు వదులుతుంది. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. తర్వాత స్పిరిటుతో తుడిచి, తేదీ రాసిపెట్టుకోండి. మూడు రోజుల నుంచి నెలలోపు అక్కడ ఎర్రటి వలయం వెడల్పవుతూ వస్తే, ఇక్కడికి తిరిగొచ్చాకైనా సరే, డాక్టరుకు ఆ తేదీ, ఆ ఊరు చెప్పండి. చెప్పకపోతే లైమ్ సంగతి వారికి తట్టకపోవచ్చు.

ఉరుములు మొదలైతే? సాయం ఎలా పిలవాలి?
– కొరిటెపాడు, గుంటూరు

వేసవిలో అక్కడ ఉరుముల వాన మధ్యాహ్నం తర్వాతే ఎక్కువ. పొద్దున్నే బయల్దేరమనడానికి అదింకో కారణం. మెరుపు చూసి ఉరుము వినబడేదాకా లెక్కపెట్టండి; మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పైలోపు వినబడితే బోడిశిఖరం వదిలి దిగిపోవాలి. ఒంటరి చెట్టు కిందకు, అడవి అంచుకు పోవద్దు. ఎటూ పోలేకపోతే కర్రలు దూరంగా పెట్టి, పల్లంగా ఉన్నచోట పాదాలు దగ్గరగా చేర్చి గొంతుక్కూర్చోండి. ఒకరికొకరు దూరంగా ఉండాలి.

సాయానికి 112. అడవిలో కొన్ని కూడళ్ళలో ఆకుపచ్చ పలక మీద తెల్ల శిలువ, కింద ఒక నంబరు కనబడుతుంది; అది రక్షణ బృందం వచ్చి కలుసుకునే చోటు. ఎదురైన ప్రతిదాన్నీ ఫోటో తీసుకుంటూ వెళ్ళండి. "ఫెల్డ్‌బెర్గ్ దగ్గర ఎక్కడో" అనేకంటే ఆ నంబరు చెబితే నేరుగా వస్తారు. సిగ్నల్ లేకపోతే ఈలతో నిమిషానికి ఆరుసార్లు, ఒక నిమిషం విరామం, మళ్ళీ ఆరు. అటునుంచి నిమిషానికి మూడు వినబడితే మీ పిలుపు అందిందని అర్థం.

షెంగెన్ వీసాకు 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తీసుకుంటారు. కొండ మీద వెతికి దించే ఖర్చు అందులో ఉందో లేదో పాలసీలో చదివి చూసుకోండి.

నాకు షుగరు, మాత్రలు వాడతాను. వెళ్ళొచ్చా?
– బెంజిసర్కిల్, విజయవాడ

వెళ్ళాలో వద్దో మీ డాక్టరే చెప్పాలి. అడగాల్సినవి ఇవి: ఆరు గంటలు నడిచే రోజు మాత్ర మోతాదు తగ్గించాలా? ముఖ్యంగా గ్లిమిపిరైడ్ లాంటివో ఇన్సులినో వాడుతుంటే నడకలోనూ, ఆ రాత్రి నిద్రలోనూ షుగరు పడిపోవచ్చు. గ్లూకోజు పొట్లం ప్యాంటు జేబులో ఉండాలి, సంచి అడుగున కాదు. మీతో వచ్చేవాళ్ళకు అదెక్కడుందో తెలిసుండాలి. ఇన్సులిన్ విమానంలో చేతిసంచిలోనే. చీటీ మందుల అసలు పేర్లతో, ఇంగ్లీషులో రాయించుకోండి. రాత్రి పాదాలు, వేళ్ళ సందులు లైటు వేసి చూసుకోండి. స్పర్శ తగ్గిన పాదానికి బొబ్బ లేచినా తెలియదు.

టిటిసీలో బస. అక్కణ్ణుంచి కొండ దగ్గరకు కారు మాట్లాడుకోవాలా?
– పటమట, విజయవాడ

అక్కర్లేదు. రైల్లో ఫెల్డ్‌బెర్గ్-బేరెన్‌టాల్ వరకు, 967 మీటర్ల ఎత్తులో ఉన్న స్టేషన్ అది, అక్కణ్ణుంచి బస్సు. బసకు ఊరి పన్ను కట్టినప్పుడు ఇచ్చే అతిథి కార్డు మీద కోనుస్ గుర్తుంటే ఆ ప్రాంతపు బస్సులకు, లోకల్ రైళ్ళకు టికెట్ కొనక్కర్లేదు. కార్డు ఇవ్వడం మర్చిపోతే హోటల్ కౌంటర్లో అడిగి తీసుకోండి. తిరుగు బస్సు టైము, దాని తర్వాత బస్సు టైము, రెండూ రాసుకుని మరీ నడక మొదలుపెట్టండి.